పాత ఇల్లు బాగుచేసుకునేవారికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏళ్ల తరబడి తాళం పడి ఉన్న ఇంటిని మా ఆయనా నేనూ సొంతంగా బాగుచేసుకుంటున్నాం. సున్నంతో కట్టిన ఇటుక గోడలు. నేల నుంచి మూడడుగుల దాకా చెమ్మ ఉండేది. నిరుడు పెచ్చులు కొట్టేసి సిమెంటు పూసి, మీద నీరు పట్టని రంగు వేశాం. ఏడాది తిరక్కుండానే పూత ఉబ్బి ఊడుతోంది, చెమ్మ నాలుగున్నర అడుగులకు ఎక్కింది. ఈసారి సిమెంటు పాలు పెంచాలా?

జవాబు: పెంచితే చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. గోడలో చేరిన నీరు ఎక్కడో ఒకచోట ఆరాలి. ఇన్నాళ్లూ సున్నపు పూతలోంచి ఆరేది. సిమెంటూ రంగూ ఆ దారి మూసేశాయి కాబట్టి, పూత లేని చోటు వెతుక్కుంటూ పైకి వెళ్లింది. ఊడిన పెచ్చును వెనక్కి తిప్పి చూడండి. తెల్లటి నూగులాంటి ఉప్పు, దాన్ని అంటుకుని ఎర్రటి ఇటుక పొర కనిపిస్తాయి. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి పెరుగుతూ పూతను బయటికి నెడుతుంది. పోతూ పోతూ ఇటుకనూ పట్టుకుపోతుంది.

తాపీ పట్టే ముందు నీరు ఎక్కడిదో తేల్చుకోండి. అరచేయంత అల్యూమినియం ఫాయిలును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు చుక్కలుంటే నీరు గోడలోది. గది వైపు ఉంటే గాలిలోది, కిటికీలు తెరిస్తే సగం పని అయిపోతుంది. మీ చెమ్మ నేల నుంచి మొదలైంది కాబట్టి గోడలోదే అయ్యుండాలి. బయట చూడండి: మట్టి మట్టం లోపలి నేలకన్నా కనీసం 15 సెం.మీ. కిందికి ఉండాలి. పాత ఇళ్లలో తరచూ ఇదే తప్పుతుంది, ఏటేటా మట్టి పేరుకుంటుంది. ఎక్కువ ఉంటే తీసేయండి, పునాది అడుగు దాకా మాత్రం తవ్వకండి. గోడకు ఆనించి సిమెంటు చప్టా ఉంటే 30 సెం.మీ. వెడల్పున పగలగొట్టి కంకర నింపండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకూడదు.

తర్వాత సిమెంటు తీయాలి. సుత్తితో తట్టి, బోలుగా మోగిన చోట మొదలుపెట్టండి. ఉలిని ఏటవాలుగా పట్టి, చెమ్మ గీతకు మరో 30 సెం.మీ. పైదాకా కొట్టుకుంటూ వెళ్లండి. ఇటుకల సందుల్లో పొడిబారిన సున్నాన్ని, సందు వెడల్పుకు రెండింతల లోతున గీకండి. గ్రైండరు జోలికి పోవద్దు, ఇటుక అంచులు తినేస్తుంది. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి బయట పారేయండి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆపైన ఆరనివ్వాలి. అంగుళం మందానికి సుమారు నెల అని పనివాళ్ల లెక్క. ఈ ఎదురుచూపు తట్టుకోలేకే చాలామంది మళ్లీ సిమెంటు బస్తా తెస్తారు.

పూతకు సున్నపు ముద్ద (నీళ్లలో చల్లార్చిన సున్నం) 1 పాలు, ఇసుక 3 పాలు, కొలతతోనే, బరువుతో కాదు. ముతకా సన్నమూ కలిసిన, కడిగిన ఇసుక కావాలి. ముద్ద ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి వెళ్లిపోతుంది కాబట్టి మొత్తం ఇసుకంతే ఉంటుంది: 10 చదరపు మీటర్లకు 10 మి.మీ. పూత అంటే 100 లీటర్ల ఇసుక, 33 లీటర్ల ముద్ద, వృథాకు మరికాస్త. కలిపేటప్పుడు గట్టిగా అనిపిస్తుంది. నీళ్లు పోయకుండా ఇంకో పది నిమిషాలు కలపండి, దానంతటదే మెత్తబడుతుంది. నీళ్లు ఎక్కువైన పూత ఆరేటప్పుడు కుంచించుకుని నెర్రెలిస్తుంది.

గోడను ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి తడపండి. ఒకరు కలుపుతుంటే ఒకరు పూయండి, మూల నుంచి మూలకు ఆపకుండా. మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది. మొదటి పూత 10 మి.మీ. మించకూడదు, మీద అడ్డదిడ్డంగా గీతలు గీయండి. బొటనవేలితో నొక్కితే గుంట పడనప్పుడే రెండోది వేయాలి, దానికి వారం పైనే పట్టొచ్చు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి కొంత తేమ ఉండాలి. అందుకే తడి గోనెపట్టాలు కట్టి, ఎండా ఈదురుగాలీ తగలకుండా వారం కాపాడండి. త్వరగా ఎండితే వేలితో రాసినా పొడి రాలుతుంది. పైన సున్నపు వెల్లే వేయండి, ప్లాస్టిక్ రంగు వేస్తే కథ మొదటికొస్తుంది.

సున్నం మీరే చల్లార్చుకుంటే నీళ్లలో కాల్చిన సున్నపు రాయి వేయాలి, రాయి మీద నీళ్లు పోయకూడదు. బుసబుసా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతితొడుగులు ఇద్దరికీ ఉండాలి. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: గోడలోకి వెళ్లే చోట దూలం కొస మెత్తబడింది. పుట్టీ పెట్టి రంగు వేసుకోవచ్చా?

జవాబు: పుట్టీ బరువు మోయదు. సన్నని స్క్రూడ్రైవరుతో పొడవండి. మంచి కర్ర ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఆపుతుంది. సులువుగా దిగిపోతే పుచ్చినట్టే. కర్ర కొస నీటిని ఎక్కువగా తాగుతుంది, గోడలో గాలి ఆడదు, తేమ 20 శాతం దాటి నిలిస్తే బూజు తినడం మొదలుపెడుతుంది. పైన పెంకు కారుతుంటే అది మీరిద్దరూ సరిచేసుకోవచ్చు. దూలం కింద ఆపులు పెట్టి, పుచ్చిన కొస కోసి కొత్త కర్ర అతకడం మాత్రం ఇంజనీరు చూశాకే. అతికాక కొస చుట్టూ సిమెంటు కూరనివ్వకండి, వేలు పట్టేంత ఖాళీ ఉంచండి.

ప్రశ్న: పాత తలుపుల రంగును ఇసుకకాగితంతో గీకుతున్నాం. దుమ్ముకు జేబురుమాలు కట్టుకుంటే చాలా?

జవాబు: చాలదు, ముందు గీకడం ఆపండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే దాని ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లలకూ గర్భిణులకూ ఎక్కువ ప్రమాదం. తలుపును నీళ్లతో తడుపుతూ గీకండి, కింద పరిచిన ప్లాస్టిక్ పట్టాను గీకుడుతో సహా చుట్టి పారేయండి. నేలను ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పనిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి.