స్టేడియంలో కూర్చున్నవాడు ఎవడికి కావాలి?

ప్రశ్న: అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లు టీవీ డబ్బు కోసం కాన్ఫరెన్సులు (కలిసి ఆడుకుని, టీవీ డబ్బు పంచుకునే జట్ల కూటములు) మారిపోతున్నాయి కదా, దీనివల్ల స్టేడియాలకు జనం రావడం తగ్గదా? యూనివర్సిటీలకు ఆ భయం లేదా?

భయమా? అస్సలు లేదండి. ఖాళీ సీట్ల వల్ల పోయేదానికంటే టీవీ వాడు ఇచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువైనప్పుడు ఎవడు భయపడతాడు? నన్నడిగితే ఈ కాన్ఫరెన్సుల గోల మొత్తం స్టేడియానికి వచ్చేవాడి మీద జరిగిన కుట్ర. పెద్ద మాటే, కానీ వెనక్కి తీసుకోను.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. నేను ఎమ్మెస్ చేసింది పుల్మన్‌లో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో. సియాటెల్‌లో ఉండే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వేరు. ఈ తేడా చుట్టాలకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. మాది గోధుమ చేల మధ్య చిన్న ఊరు, పక్కన ఎనిమిది మైళ్ళకే ఐడహో. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ మా కాన్ఫరెన్సు పాక్-12ని వదిలేసి బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్సుకి వెళ్తున్నామన్నాయి. 2023 జూలైలో కొలరాడో బిగ్ 12కి పోయింది. ఆగస్టు 4న, ఒక్క రోజులో, ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కీ, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కీ జెండా ఎత్తేశాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు (ఏసీసీ)లో చేరాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనుండి అట్లాంటిక్ తీరం! పన్నెండులో మిగిలింది రెండు: మేమూ, ఒరెగన్ స్టేటూ.

ఆట రాక మిగిలిపోలేదండి. బిగ్ టెన్ జట్టు విస్కాన్సిన్‌ని 2022లో వాళ్ళ ఊళ్ళో 17-14తో కొట్టాం. 2023లో మా ఊరు రప్పించి 31-22తో మళ్ళీ కొట్టాం. అయినా బిగ్ టెన్ మా వైపు కన్నెత్తి చూడలేదు. అక్కడ లెక్క గెలుపుది కాదు, టీవీ పెట్టెలది. పుల్మన్ చుట్టూ ఉన్నవి గోధుమ గింజలే కానీ టీవీలు కావు.

2014లో బిగ్ టెన్ న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీని ఎందుకు చేర్చుకుందో తెలుసా? 1869లో మొట్టమొదటి కాలేజీ మ్యాచ్ ఆడిన జట్టన్న గౌరవంతో కాదు. న్యూజెర్సీ, న్యూయార్క్ కేబుల్ కనెక్షన్ల కోసం. బిగ్ టెన్‌కి సొంత ఛానల్ ఉంది. జట్టు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రంలో ఆ ఛానల్‌కి ఒక్కో కనెక్షన్ మీద ఎక్కువ వసూలు చేయొచ్చు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మనవాళ్ళు ఎంతమంది రట్గర్స్ మ్యాచ్ చూస్తారో గానీ, జెమినీ కోసం తీసుకున్న కేబుల్ బిల్లులోంచి బిగ్ టెన్‌కి నెలనెలా వాటా పోయింది. చూడనివాడి దగ్గర కూడా వసూలు చేసే దారి దొరికాక, మూడొందల మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చి చూసేవాడితో ఏం పని?

మీరడిగిన భయం ఒకప్పుడు నిజంగా ఉండేది. టీవీలో చూపిస్తే గేటు దగ్గర టికెట్లు అమ్ముడుపోవని 1950ల నుంచి కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ వారానికి ఎన్ని మ్యాచులు చూపించాలో, ఒక జట్టు ఎన్నిసార్లు కనపడాలో తనే తేల్చేది. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్ళాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ పద్ధతి చెల్లదని కొట్టేసింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన కుర్రతనంలో కొలరాడో తరఫున ఆడిన పేరుమోసిన ఆటగాడు. తొమ్మిదిమందిలో మైదానం వాసన తెలిసిన మనిషి వద్దన్నాడంటే వినాల్సింది. ఆయన చదివిన కొలరాడోయే 2023లో మా దగ్గర్నుంచి లేచిపోవడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మా కాన్ఫరెన్సు పెద్దలేమీ పత్తిత్తులు కారు. నేను పుల్మన్‌లో దిగిన 2012లోనే పాక్-12 సొంత ఛానల్ పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఖరీదైన ఆఫీసు, కమిషనర్‌కి కోట్ల జీతం. ఇన్ని చేసి శాటిలైట్ టీవీ కంపెనీ డైరెక్‌టీవీతో ఒప్పందం మాత్రం చివరిదాకా కుదుర్చుకోలేకపోయారు. చివర్లో యాపిల్ స్ట్రీమింగ్ ప్రతిపాదన తెచ్చారు. ఒక్కో జట్టుకు ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్ల లోపు, చందాదారులు పెరిగితే ఇంకాస్త అని వార్తలొచ్చాయి. ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో చేరింది కూడా మిగతావాళ్ళలో సగం వాటాకే, సుమారు మూడు కోట్లకు. ఆ కాస్త తేడాకి నూరేళ్ళ చుట్టరికం తెగింది. డాలస్‌లోని ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్ళపాటు టీవీ డబ్బులో పైసా అడగనని ఒప్పుకుని ఏసీసీలో చేరింది. దాతలు వారం తిరక్కుండానే పది కోట్ల డాలర్లు పోగేసి ఇచ్చారట. కట్నం ఎదురిచ్చి మరీ!

అసలు చెప్పాలనుకున్నది 2023 సెప్టెంబరు 23 సంగతి. మిగిలిపోయిన రెండు జట్లూ, మేమూ ఒరెగన్ స్టేటూ, పుల్మన్‌లోనే తలపడ్డాం. రెండూ అప్పటికి ఓడలేదు, రెండూ టాప్ 25లో ఉన్నాయి. నా పాత రూమ్మేట్ హిల్స్‌బరోలో ఉంటాడు, ఒంగోలు మనిషి. ఫోన్ చేసి "ఒరేయ్, ఇది చూడకపోతే మనం ఎందుకురా చదివాం అక్కడ?" అన్నాడు. వాడు అటునుంచి, నేను సియాటెల్ వైపు నుంచి బయల్దేరాం. కొండ దాటి, వాంటేజ్ దగ్గర నది దాటి 26వ నంబరు రోడ్డెక్కితే ఇక కోత అయిపోయిన గోధుమ మళ్ళే. కార్లన్నీ ఎర్ర జెండాలు కట్టుకుని ఒకదాని వెనక ఒకటి. కోల్‌ఫ్యాక్స్‌లో వేగం తగ్గించకపోతే పోలీసు కాసుకుని ఉంటాడని చదువుకున్న రోజుల నుంచీ తెలుసు, కాబట్టి అందరం బుద్ధిగా పాక్కుంటూ వెళ్ళాం.

హోటల్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫుట్‌బాల్ వారాంతం అనేసరికి మామూలు రోజు రేటుకి మూడింతలు, పైగా రెండు రాత్రులకీ కట్టాల్సిందే. ఒక రాత్రికి ఇవ్వరా అంటే నవ్వారు. నోరు మూసుకుని కిందికి దిగి లూయిస్టన్‌లో ఉన్నాం. మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో టీవీ వాడు పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు దాకా చెప్పడు. పగలా రాత్రా తెలియకుండా హోటలెలా బుక్ చేస్తారండీ? నవంబరులో రాత్రి ఏడున్నరకి పెట్టిన మ్యాచులు చూశాను. అయ్యేసరికి పదకొండు, బయట మంచు, ఇంటికి ఐదు గంటల దారి. న్యూయార్క్‌లో అందరూ పడుకున్నాక ఖాళీగా ఉండే టైము మా మొహాన కొట్టేవారు.

పార్కింగ్ లాట్‌లో మా పక్కన నారింజ రంగు చొక్కాలతో ఒక ముసలి జంట. కార్వాలిస్ నుంచి ఏడెనిమిది గంటలు నడుపుకుంటూ వచ్చారు. మావాడు తెచ్చిన పులిహోర పెట్టాం, వాళ్ళు సాల్మన్ కాల్చి ఇచ్చారు. ఎదుటి జట్టు వాళ్ళతో మాటల యుద్ధం లేకుండా నేను చూసిన టెయిల్‌గేట్ (మ్యాచ్ ముందు పార్కింగ్ లాట్‌లో జరిగే విందు) అదొక్కటే. ఒరెగన్ స్టేట్ వాళ్ళు పదహారు కోట్ల డాలర్లకు పైగా పెట్టి స్టేడియంలో ఒక వైపు మొత్తం పడగొట్టి కొత్తగా కట్టారు, తెరిచింది ఆ నెలలోనే. "సిమెంటు ఆరకముందే కాన్ఫరెన్సు పోయింది" అందావిడ, పులిహోరలో మిరపకాయ ఏరి పక్కన పెడుతూ. ఆయన మాత్రం "మా మనవడు డక్స్ (బిగ్ టెన్‌కి పోయిన ఒరెగన్) జట్టు అభిమాని, ఈ ఏడు పండక్కి రావద్దని చెప్పాను" అన్నాడు. నవ్వాలో లేదో తెలియలేదు. ఆవిడ నవ్వలేదు.

ఆ పొద్దున ఈఎస్‌పీఎన్ గేమ్‌డే షోలో వ్యాఖ్యాత లీ కోర్సో మా రెండు జట్ల గతి మీద ఒక జోకు పేల్చాడు. అదే షోలో 2003 నుంచి, ఏ ఊళ్ళో జరిగినా సరే, జనంలోంచి మా యూనివర్సిటీ జెండాని ఎవరో ఒకరు ఎగరేస్తూనే ఉన్నారు. ఒకరి నుంచి ఒకరికి ఆ జెండాని పంపించుకుంటూ ఊరూరా తిప్పుతారు, ఎవరూ డబ్బులివ్వరు. అలాంటి అభిమానుల మీద జోకు! మ్యాచ్ అయ్యాక మా కోచ్ జేక్ డికర్ట్ మైకు ముందే దులిపేశాడు.

స్టేడియం కిక్కిరిసిపోయింది. మాది ముప్పైమూడు వేల లోపు స్టేడియం, ఊరి జనాభా కూడా ఇంచుమించు అంతే. మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కామ్ వార్డ్ ఆడిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. చివర్లో వాళ్ళు దగ్గరదాకా వచ్చారు గానీ 38-35తో మేమే గెలిచాం. కానీ ఆటలో ఊపొచ్చిన ప్రతిసారీ ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన మైదానంలోకి వచ్చి నిలబడతాడు. ఆయన టీవీ మనిషి. ప్రకటనలు అయ్యేదాకా ఇరవై రెండుమంది ఆటగాళ్ళు, రిఫరీలు, ముప్పైమూడు వేలమంది ప్రేక్షకులు ఆయన చేతి సైగ కోసం ఎదురుచూడాలి. పెళ్ళిలో వీడియోగ్రాఫర్ ముహూర్తానికి అడ్డంగా నిలబడితే అక్షింతలు పట్టుకుని వెనక నుంచునే బంధువుల్లాగా ఉంటాం మేం. గడియారంలో ఆట గంటే, మేం కూర్చునేది మూడున్నర గంటలు. మ్యాచులు సాగిపోతున్నాయని 2023లో రూలు మార్చి ఫస్ట్ డౌన్ (పది గజాలు ముందుకెళ్తే దక్కే కొత్త అవకాశం) వచ్చినప్పుడు గడియారం ఆపడం తగ్గించారు. కోసింది ఆటని. ప్రకటనల జోలికి పోలేదు.

జనం తగ్గారా అంటే, 2018లో పెద్ద డివిజన్ సగటు హాజరు 42,000 కంటే కిందికి పడింది, ఇరవై రెండేళ్ళలో అంత తక్కువ లేదు. యూనివర్సిటీలు దానికేం చేశాయి? ఎవాన్‌స్టన్‌లో నార్త్‌వెస్టర్న్ 47,000 సీట్ల పాత స్టేడియం కూల్చి, ఎనభై కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో 35,000 సీట్లది మొదలుపెట్టింది. మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. జనం తగ్గితే సీట్లు తగ్గించి, మిగిలినవాటి రేటు పెంచుతారు.

మా తోడల్లుడి కొడుకు సియాటెల్ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదువుతున్నాడు. "బిజినెస్ అన్నాక అంతే తమ్ముడూ, ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటారు" అంటాడు మా తోడల్లుడు. సరే అన్నయ్యా, బిజినెస్సే అయితే పన్ను మినహాయింపులెందుకు? ఆయన దగ్గర దీనికి జవాబు లేదు. కాఫీ చల్లారిపోతోందని మాట మార్చేశాడు. 2024 సెప్టెంబరులో మా రెండు యూనివర్సిటీలూ తలపడే యాపిల్ కప్ మ్యాచ్‌లో వాళ్ళని చివరి నిమిషాల్లో గోల్ లైన్ దగ్గర ఆపి 24-19తో గెలిచాం కాబట్టి, ఆ పూట నేనూ ఇంకేం అడగలేదు.

కానీ డబ్బు లేని చోట ఎవరూ నిలబడరు. కామ్ వార్డ్ మయామీకి వెళ్ళాడు, 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అయ్యాడు. మంచిదే, కుర్రాడు బాగుపడ్డాడు. ఆ తర్వాతి క్వార్టర్‌బ్యాక్ జాన్ మాటీర్ ఓక్లహామాకి. మైకు ముందు మాకోసం కోప్పడ్డ డికర్టే వేక్ ఫారెస్ట్‌కి. కోర్టులో మాత్రం గెలిచాం. కోల్‌ఫ్యాక్స్‌లోని విట్‌మన్ కౌంటీ కోర్టు పాక్-12 పగ్గాలు మిగిలిన రెండు జట్ల చేతికిచ్చింది, రాష్ట్ర సుప్రీంకోర్టు అడ్డుపడలేదు. 2026 నుంచి బాయ్‌సీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ వగైరాలతో పేరు నిలబెట్టుకుంటున్నాం. అయినా 2025లో మా ట్రాక్ జట్టులో జంపులు, త్రోలు, స్ప్రింట్లు తీసేసి దూరపు పరుగులే ఉంచారు. టీవీ వాడికి ఫుట్‌బాల్‌తోనే గొడవ, దెబ్బ పడింది మాత్రం పోల్ వాల్ట్ పిల్లల మీద.

తర్వాత ఏమవుతుందో కూడా చెప్తాను, రాసిపెట్టుకోండి. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో బిగ్ టెన్ కుదుర్చుకున్న 700 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం 2029-30 సీజన్‌తో అయిపోతుంది. ఏసీసీ నుంచి బయటికి పోవడానికి కట్టాల్సిన సొమ్ము అదే సమయానికి ఏడున్నర కోట్లకు దిగుతుంది. అప్పుడు ఇంకో వలస తప్పదు, ఈసారి పెద్ద జట్లన్నీ ఒకచోట చేరి చిన్నవాటిని గెంటేస్తాయి. మొదట పోయేది రట్గర్సే అని నా నమ్మకం. జనం కేబుల్ పీకేసి యూట్యూబ్ పెట్టుకున్నాక న్యూజెర్సీ కనెక్షన్లతో ఇక పనేముంది? ఎడిసన్ వాళ్ళు కామెంట్లలో నన్ను తిట్టొచ్చు, కాకపోతే ముందు మీలో ఎవరైనా రట్గర్స్ స్టేడియంలో ఒక్క మ్యాచ్ అయినా చూశారేమో చెప్పి తిట్టండి.