తుప్పుతో పాడైన రివాల్వర్ల కన్నా తోమి పాడుచేసినవే ఎక్కువ

స్టెయిన్‌లెస్ స్టీల్ రివాల్వర్‌ని ఫినిష్ పోకుండా ఎలా తుడవాలి, ఎలా మెరిపించాలి అని అడిగారు. తుడవడం చెప్తాను. మెరిపించడం మాత్రం నన్నడక్కండి, ఒకసారి మెరిపించి చేతులు కాల్చుకున్నవాణ్ణి.

నాన్న పోయాక ఆయన .32 రివాల్వర్ లైసెన్స్ నా పేరు మీదికి వచ్చింది. అద్దంలా మెరిసే రకం కాదు. బారెల్ పొడుగునా సన్నటి గీతలతో కాస్త మసకగా ఉంటుంది. ఆయుధపూజలో పెడదామని దసరా ముందు రోజు రాత్రి బయటికి తీశాను. తూటాలు తీసి వేరే గదిలో పెట్టి, సిలిండర్ గదులన్నీ రెండుసార్లు చూసుకున్నాను. ఆ రాత్రి నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

సిలిండర్ ముందు వైపు నల్లటి వలయాలున్నాయి. కాల్చినప్పుడు మసీ సీసమూ అంటుకుని అలా అవుతాయి. గుడ్డకి పోలేదు. వంటింట్లోంచి పచ్చ స్క్రబ్బర్ తెచ్చి రుద్దితే పోయాయి. ఆ ఉత్సాహంలో బారెల్ మీద కూడా గుండ్రంగా తిప్పేసి, పైన దీపపు కుందులకి వాడే పాలిష్ పట్టించాను. తుడిచి లైటు కింద చూద్దును కదా, నిలువు గీతల మీద కోడి కెలికినట్టు సుడులు!

పొద్దున మా చిన్నాయన వచ్చాడు. పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్)లో ఆయుధాలు చూసుకుని రిటైరైన మనిషి. "బోళ్లు తోమినట్టు తోమినవేందిరా!" అన్నాడు. "కొంచెం పెద్ద బొట్టు పెడితే కనబడదులే" అని అమ్మ పసుపు కుంకుమ పెట్టబోతే, ఆ తడి స్క్రూల సందుల్లోకి పోతుందని అదీ పెట్టనివ్వలేదు.

సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి లోహాన్ని సన్నగా రుద్దే మెరూన్ రంగు ప్యాడ్ తెప్పించి, రెండు చుక్కల నూనె వేసి, బారెల్ పొడుగునా ఒకే దిక్కుకి, చేతి బరువు వేయకుండా లాగాడు. చాలావరకు కలిసిపోయింది. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర మాత్రం ఎండలో చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. తుపాకీ నంబరు చెక్కి ఉన్న చోట అసలు చెయ్యి పెట్టలేదు. మెషిన్ మీద బఫింగ్ కొట్టించి మెరిపించమని సలహా ఇచ్చే పెద్దమనుషులు వినండి: అంచులు అరిగిపోవడం ఒకెత్తు, నంబరు చెరిపేయడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం.

మరి శుభ్రం ఎలా అంటే, మసిని కరిగించే గన్ సాల్వెంటు, పాత టూత్‌బ్రష్, బారెల్ లోపలికి కంచు బ్రష్, చివర్లో పాత బనియన్ గుడ్డతో పల్చగా నూనె. కిటికీ తీసి పెట్టుకోండి, తర్వాత చేతులు కడుక్కోండి, సీసం ఉంటుంది. ఆ నల్ల వలయాలు ఉండనివ్వండి, మళ్లీ కాలిస్తే ఎలాగూ వస్తాయి. ఇనప పీచు ఇంకా అన్యాయం. దాని రజను అతుక్కుని తుప్పు పడితే తుపాకీకే పట్టిందనుకుంటాం.

అన్నట్టు, స్టీలుకి తుప్పు పట్టదని ఎవరన్నారండీ? మన ఇళ్లలో ఉప్పు స్టీలు డబ్బాలో పోయకుండా జాడీలో ఎందుకు పోస్తారు? కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం పైన సన్నటి పొర కట్టి స్టీలుని కాపాడుతుంది, ఉప్పు ఆ పొరనే తినేస్తుంది. మన ఎండాకాలం చెమటలోనూ ఉన్నది ఉప్పే.

ఎన్నికలొస్తే రివాల్వర్‌ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయడం ఇంకో టెన్షన్. 2023 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ. ఆరు నెలల్లో రెండుసార్లు ఇచ్చాను, రెండుసార్లూ తోలు కేసులోనే. రెండోసారి తిరిగొచ్చేసరికి పిడి స్క్రూ చుట్టూ గోధుమ రంగు చుక్కలు. తోలు తేమని పట్టి ఉంచుతుందని చిన్నాయన అప్పుడు చెప్పాడు, ముందే చెప్పొచ్చు కదా! ఇప్పుడు నూనె రాసి పొడి నూలు గుడ్డలో చుట్టి ఇస్తున్నాను. ఆ తోలు కేసులో అమ్మ మందుల చీటీలు పెట్టుకుంటోంది.