నార్వే మామ్మ, గులాబీ పువ్వుల అచ్చు

"అమెరికాలో పక్కింటివాళ్లతో నిజంగా చుట్టరికం కలుస్తుందా, లేక హాయ్, బై వరకేనా?" అని అడిగారు కదా. చాలామందితో హాయ్, బై వరకే. మాకు మాత్రం ఒక మామ్మ దొరికింది.

2009 జనవరిలో మిన్నెసోటాలో, నార్త్‌ఫీల్డ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో దిగాం. బయట మైనస్ ఇరవై, నాకు ఐదో నెల, కారు నడపడం రాదు, మా ఆయన పొద్దున పోతే రాత్రికే రావడం. మూడో రోజు తలుపు తీస్తే పక్కింటి పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి, పార పట్టుకుని మా మెట్ల మీద మంచు ఎత్తిపోస్తోంది. థాంక్స్ చెప్పబోతే, "నువ్వు జారిపడితే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది నేనేగా" అని తన పని తను చేసుకుపోయింది. ఆవిడకి పొగడ్త అంటే చెడ్డ ఇబ్బంది. ఏ కష్టమొచ్చినా "ఉఫ్ దా" అనేది, మన "అయ్యో రామా" లాగ.

ఆవిడ పుట్టింది నార్వేలో. 1956లో ఇరవై ఒక్కేళ్ల వయసులో స్టవాంగర్‌ఫ్యోర్డ్ అనే ఓడలో న్యూయార్క్ వచ్చి, ఇక్కడి పాడిరైతుని పెళ్లాడింది. నార్వేలో సాగుకి పనికొచ్చే నేల నూటికి మూడు పాళ్లే. అక్కడ బతుకు గడవక, ఇక్కడ 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద సాగు చేసుకునేవాళ్లకి 160 ఎకరాలు ఇస్తున్నారని తెలిసి జనం తండోపతండాలుగా వచ్చారు. 1825 నుంచి నూరేళ్లలో ఎనిమిది లక్షల పైమాటే. ఈవిడది ఆఖరి పంక్తి అన్నమాట.

అయిదుగురు పిల్లలు, తెల్లవారుజామున పాలు పితకడం, అది అయ్యాక చర్చి. చర్చి అంటే ప్రార్థన అనుకునేరు, ఈవిడ చర్చి అంతా కింద సెల్లార్‌లోనే. గురువారాలు ఆడవాళ్లు చేరి పాత బట్టముక్కలతో అరవై బై ఎనభై అంగుళాల బొంతలు కుట్టి, లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సేవాసంస్థ ద్వారా శరణార్థులకి పంపేవాళ్లు. ఊళ్లో ఎవరు పోయినా అంత్యక్రియలయ్యాక భోజనం వీళ్లదే, ఎవరు బ్రెడ్డు తేవాలో ఎవరు కాఫీ కాయాలో ఈవిడ ఫోన్ మీద అరగంటలో తేల్చేసేది. నవంబరులో లెఫ్సా, అంటే బంగాళాదుంపతో చేసే పల్చటి రొట్టె, గాట్లున్న అప్పడాల కర్రతో ఒత్తి వందల్లో చేసి అమ్మేవాళ్లు. చర్చి ఫర్నేస్ ఆ రొట్టెల డబ్బుతోనే కొన్నారట. పై అంతస్తు మీటింగుల్లో ఒకప్పుడు చాలా చర్చిల్లో ఆడవాళ్లకి ఓటు కూడా లేదు, ఖర్చు మాత్రం వీళ్ల వంటింట్లోంచి!

నన్నూ బొంతలకి లాక్కెళ్లింది. మేం చర్చివాళ్లం కాదు. కానీ మాది గుంటూరు, 1842లో అక్కడ లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యరే 1860లో ఇక్కడ మిన్నెసోటా సినడ్‌కీ, అంటే లూథరన్ చర్చిల సంఘానికీ, మొదటి అధ్యక్షుడని తెలిశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

పురుడికి మా అమ్మ వచ్చింది, సూట్‌కేసులో గులాబీ పువ్వుల అచ్చుతో. ఒకరోజు అది స్టవ్ పక్కన చూసి మామ్మ పకపకా నవ్వి, గబగబా ఇంటికెళ్లి తన అచ్చు తెచ్చింది. అదే పువ్వు, అదే పొడుగు కాడ! వాళ్లు దాన్ని రోసెట్ అంటారు, క్రిస్మస్‌కి చేస్తారు, బియ్యప్పిండి బదులు మైదా. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా అచ్చుని ముందు నూనెలో బాగా కాల్చాలని, పిండిలో ముప్పావు వంతే ముంచాలని ఇద్దరూ ఒకేసారి నాకు సైగలు.

2013లో నాన్న పోయారు. వీసా కాగితాలు మధ్యలో ఆగిపోయి ఉన్నాయి, వెళ్తే తిరిగి రాలేని పరిస్థితి. మామ్మ వచ్చింది, ఏమీ అడగలేదు, సింకులో గిన్నెలన్నీ తోమింది. చేతులు తుడుచుకుంటూ, వాళ్లమ్మ పోయినప్పుడు తనకి ఉత్తరం అందేసరికి సమాధి కూడా అయిపోయిందని, అప్పుడు చంకలో ఆరు నెలల పిల్ల ఉందని చెప్పింది. తర్వాత పాపని తీసుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది, నన్ను ఏడవనిచ్చి.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఆవిడ అచ్చు వాళ్లమ్మాయి నాకిచ్చింది. మా అమ్మ తెచ్చినదానికంటే ఇదే పువ్వుని బాగా వదులుతుంది, ఈ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.