అమ్మను చూసుకోవడానికి వస్తున్న మేనల్లుడికి

కట్టమంచి, చిత్తూరు.

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాసేది.

బెంగళూరు నుంచి తిరుపతికి వచ్చేసి, పక్షవాతంతో మంచాన పడిన అమ్మను నువ్వే చూసుకుంటానన్నావని మీ నాయన నిన్న ఫోన్లో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. మన ఇళ్లల్లో ఎవరైనా మంచాన పడితే చాకిరీ కోడలిదే అని రాసిపెట్టినట్టు ఉంటుంది. నువ్వేమో "ఆమెకు ఉద్యోగముంది, పాపకు స్కూలుంది, మా అమ్మకు నేను చేస్తాను" అన్నావట. ఆ మాట వినగానే నా కడుపు నిండింది. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే పైపైన చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను.

తెలిసిన సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. రాజీనామా ఇప్పుడే ఇవ్వొద్దు. సెలవు అడుగు, ఇంటి నుంచి పని అడుగు, వాళ్లు కుదరదంటే అప్పుడు చూద్దాం. డిశ్చార్జి కాగితాలు, స్కాన్లు, మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టుకో. ఎయిర్ బెడ్ కొనే ముందు అద్దెకు దొరుకుతుందేమో కనుక్కో. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే నడుము దగ్గర పుండ్లు పడతాయి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టు, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు. నీళ్లు తాగుతూ దగ్గుతోందంటే మింగడం సరిగ్గా లేదన్నమాట. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, వెంటనే డాక్టరుకు చెప్పు. ఫిజియోథెరపీ మానొద్దు. పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. బాత్రూం తలుపుకు లోపలి గడియ మాత్రం రేపే పీకించెయ్. నవ్వొద్దు. లోపల మనిషి పడిపోయి, బయట మనం తలుపు బాదుతూ నిలబడితే ఎట్లుంటుందో నాకు తెలుసు.

మీ అమ్మకు కుడి పక్క పడిపోయింది, మాట రావడం లేదన్నారు. మాట పోతే తెలివి పోయినట్టు కాదు. చాలావరకు అన్నీ అర్థమవుతుంటాయి, చెప్పాలనుకున్నది నోటికి రాదు, అంతే. కాబట్టి ఆమె మంచం పక్కన నిలబడి ఖర్చుల గురించి, "ఇంక ఎన్నాళ్లో" అని ఎవరినీ మాట్లాడనీయొద్దు. ఉన్నట్టుండి ఏడుస్తుంది. ఒక్కోసారి నవ్వకూడని చోట నవ్వుతుంది. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు అట్లా అవుతుంది. నేనేం తప్పు చేశానా అని నువ్వు కుమిలిపోవద్దు. ఇంకొక సంగతి, రాయడానికి నాకు కొంచెం మొహమాటంగానే ఉంది. నువ్వు కొడుకువి. స్నానం, డైపర్లు నువ్వు చేస్తే మీ అమ్మ సిగ్గుతో చచ్చిపోతుంది. నీకేం అభ్యంతరం లేకపోవచ్చు, ఆమెకు ఉంటుంది. పొద్దున ఒక పూటకైనా ఆయమ్మను పెట్టు. ఆ డబ్బు నేనిస్తాను, నాకు పెన్షన్ వస్తుంది, ఇక్కడ పెద్దగా ఖర్చేం లేదు. దీని మీద వాదించొద్దు.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు ఇంకెవరికీ లేని బాధ ఒకటుంది. అదే, చుట్టాలు. అనంతపురం నుంచి, నెల్లూరు నుంచి, మద్రాసు నుంచి, కొండకు వచ్చే ప్రతివాడూ "దర్శనానికి వచ్చాం, అట్నే అక్కను చూసిపోదామని" అంటూ లడ్డూ కవరుతో దిగుతాడు. గుండు చేయించుకున్న పిల్లలు మంచం చుట్టూ పరిగెత్తుతుంటారు. నువ్వు కాఫీలు కలుపుతుంటావు. వచ్చినవాళ్లు ఊరికే పోరు, ఒక్కొక్కరు ఒక్కో వైద్యం చెప్పి పోతారు. ఒకాయన నాటుమందు అంటాడు, ఒకామె పసరు అంటుంది. పుత్తూరు కట్టు కట్టిద్దామన్నవాళ్లను కూడా చూశాను నేను. విరిగిన ఎముకకు గదా అది! అందరికీ "సరే" అను, ఎవరి మాటా చెయ్యొద్దు, డాక్టరును అడగకుండా ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు. చూడ్డానికి వచ్చేవాళ్లకు సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఒక గంట పెట్టు. రాత్రి పడక మాత్రం వద్దు. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉంది, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణు నివాసం ఉంది, అక్కడ గదులు చూసుకోమని చెప్పు. ఎవరైనా అలిగితే నా పేరు చెప్పు. "మామ వద్దన్నాడు, ఆయనది చాదస్తం" అను. ఈ వయసులో నాకు కొత్తగా పోయే మర్యాదేం లేదు.

ఇప్పుడు మా వదిన సంగతి రాయాలి. మీ అవ్వ, అంటే మా అమ్మ, ఇదే జబ్బుతో మంచాన పడినప్పుడు నువ్వింకా పుట్టలేదు. డైపర్లు లేవు, ఎయిర్ బెడ్లు లేవు, చింపిన పాత చీరలే. అన్నీ వదినే చేసింది. వీధి వీధంతా మెచ్చుకుంది. "కోడలంటే అట్లుండాల" అనేవాళ్లు. ఆ మెచ్చుకోలే ఆమెను ముంచిందని నా అనుమానం. రాను రాను ఇంకెవరు చేసినా ఆమెకు నచ్చేది కాదు. మా అన్న దుప్పటి పరిస్తే ముడతలున్నాయని తీసి మళ్లీ పరిచేది. మీ అమ్మ అప్పటికి పెళ్లికాని పిల్ల. జడ వేస్తానని పోతే "తల పీకేస్తున్నావు, లే" అని దువ్వెన లాక్కునేది. నేను మదనపల్లెలో ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చేవాణ్ణి. మందు తాగించబోతే "నీవల్ల కాదులే అబ్బయ్యా, కూర్చో" అంది. కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరం అందరం కూర్చున్నాం. మగవాళ్లకు కూర్చోమని ఒక్కసారి చెబితే చాలు కదా! ఇంటినిండా మనుషులున్నా రాత్రీ పగలూ ఆమె ఒక్కతే. చేసిపెట్టేవాళ్లు లేక కాదు. చేసినవాళ్లందరినీ ఆమే సరిదిద్ది సరిదిద్ది దూరం పెట్టింది.

ఒక మధ్యాహ్నం వదిన మీ అవ్వకు రాగి జావ తాగిస్తోంది. నేను గడప దగ్గర పేపరు చదువుతున్నాను. మీ అవ్వ బాగున్న చెయ్యి ఎందుకో అదిరి గ్లాసుకు తగిలింది. అప్పుడే కట్టిన ఉతికిన చీర మీద, పరుపు మీద జావంతా పడింది. వదిన ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది. గట్టి దెబ్బేం కాదు. అయినా చప్పుడుకు వంటింట్లో నుంచి మీ అమ్మ పరిగెత్తుకొచ్చింది. జావ పరుపు అంచు మీదుగా నేల మీదకు కారుతోంది. వదిన గ్లాసు తియ్యలేదు, గుడ్డ తేలేదు, తన అరచేతినే చూసుకుంటూ నిలబడింది. ఆ తర్వాత పెరట్లోకి పోయి రోలు పక్కన కూర్చుంది. దీపాలు పెట్టేదాకా లేవలేదు. అత్తను ఒక్కనాడు ఏకవచనంతో పిలిచిన మనిషి కాదు ఆమె.

రాత్రి అన్నం మెత్తగా పిసికి కలుపుకుని వస్తే మీ అవ్వ నోరు తెరవలేదు. తల అడ్డంగా ఊపింది. కోపమనుకున్నాం. వంకరపోయిన నోటితో కష్టపడి "పెద్దోడు" అంది. మా అన్న వచ్చి పెట్టాడు. సగం నోట్లోకి, సగం చీర మీదకి. మెడ కింద మెతుకులు. వదిన ఉండబట్టలేక ఒక అడుగు ముందుకేసింది. మీ అవ్వ ఆమె వైపు చూసి మళ్లీ తల ఊపింది. ఆ గలీజు తిండంతా చప్పుడు చెయ్యకుండా తినింది. ఇక అప్పటి నుంచి రాత్రి భోజనం మా అన్నే పెట్టాడు. కొన్నాళ్లకు అన్నకు చేయి తిరిగింది. వదిన ఆ వేళకు చాప పరుచుకుని నిద్రపోయేది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు అచ్చం వదిన రకం. చిన్నప్పుడు నీ నోటుపుస్తకాలకు ఇంకెవరైనా అట్టలు వేస్తే చింపి మళ్లీ వేసుకునేవాడివి. మీ నాయనకు షుగరుంది, ఎత్తడం దించడం చేతకాదు. కానీ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెప్పగలడు. చెప్పిందే చెబుతాడు, చెప్పనీ. హైదరాబాదులో ఉన్న మీ చెల్లెలు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి అది చెయ్యి, ఇది చెయ్యి అంటుందని విసుక్కున్నావట. దూరంగా ఉన్నవాళ్ల టెన్షన్ అట్లాగే బయటికి వస్తుంది. ఫోన్లో పోట్లాడకుండా పనులు అప్పజెప్పు. ఇన్సూరెన్సు కాగితాలు ఆమె చూసుకుంటుంది, మందులు ఆర్డరు పెడుతుంది, స్విమ్స్ ఆసుపత్రిలో తర్వాత ఎప్పుడు చూపించాలో గుర్తుపెట్టుకుంటుంది. నెలకొక వారం వచ్చి ఉండమను, ఆ వారం నువ్వు ఇంట్లో ఉండొద్దు. వాళ్లెవరూ నీ అంత శుభ్రంగా చెయ్యరు. మందుల వేళ, మింగించే పద్ధతి, ఈ రెండింటి దగ్గర పట్టుబట్టు. మిగతావి ఎట్లా చేసినా వదిలెయ్.

కోపం వస్తుందిరా. అమ్మ మీదే వస్తుంది. ఉమ్మేసినప్పుడు, మందు కక్కినప్పుడు, అర్ధరాత్రి ఇంకోసారి మూలిగినప్పుడు వస్తుంది. వచ్చినందుకు నువ్వేం పాపాత్ముడివి కాదు. ఆమెను భద్రంగా పడుకోబెట్టి, నాయనను కూర్చోబెట్టి, వీధి చివరిదాకా పోయి రా. నిద్ర తక్కువైనకొద్దీ అది ఎక్కువవుతుంది. అందుకే రాత్రిని పంచుకోండి. రెండింటిదాకా ఒకరు, ఆ తర్వాత ఒకరు. మీ నాయన ఎట్లాగూ తెల్లవారుజామున లేచి కూర్చునే మనిషే.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నావని కూడా తెలిసింది. 3,550 మెట్లు. స్వామి తొందరపెట్టడు. అమ్మ లేచి నిలబడ్డాక ఎక్కుదువు. అంతవరకు సాయంత్రం కపిలతీర్థం దాకా నడిచిపోయి కాసేపు కూర్చుని రా. మీ అత్తకు డయాలసిస్ చేయించినన్నాళ్లూ వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు ఆసుపత్రి బయట వేచి ఉండేవాణ్ణి. అక్కడ కూర్చునేవాళ్లందరం ఒకరికొకరం చుట్టాలమైపోయాం. గుడియాత్తం నుంచి ఒకామె వచ్చేది, కొడుకు కోసం. నిమ్మకాయ అన్నం తెచ్చి అందరికీ పెట్టేది. ఏ మందు ఎక్కడ చవకో, ఏ ఆటోవాడు మనిషిని చూసి ఎక్కించుకుంటాడో డాక్టర్లకంటే మాకే బాగా తెలుసు. నీకు కూడా ఫిజియోథెరపీ దగ్గర అట్లాంటివాళ్లు దొరుకుతారు. ఫోన్‌లో తల దూర్చి కూర్చోకుండా పలకరించు.

ఇంకా గుండెల మీద బరువు దిగలేదనుకో, 14416 అని మనసులో బాధ చెప్పుకునే ఫోను నంబరొకటుంది. టెలీ మానస్ అంటారు, 2022లో ప్రభుత్వం పెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రైనా తెలుగులో మాట్లాడతారు. నాకేం పిచ్చా అనుకోవద్దు. నీ బీపీ కూడా నెలకొకసారి చూపించుకో, మన వంశంలో ఎవరినీ వదిలిపెట్టలేదది.

అసలు రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఇది. భార్యనూ పాపనూ చూడాలని వారం చివర కారేసుకుని బెంగళూరు బయలుదేరతావు. వారమంతా నిద్రలేని కళ్లతో, శుక్రవారం రాత్రి, ఒంటరిగా, మొగిలి ఘాట్లో. ఆ మలుపుల దగ్గర ఎన్ని లారీలు బోల్తాపడ్డాయో పలమనేరులో ఎవరినడిగినా చెబుతారు. కారు తాళాలు మీ నాయన దగ్గర పెట్టు. బస్సెక్కు, నిద్రపోతూ పో. కారే కావాలంటే పగలు బయలుదేరు, ఎట్లాగూ చిత్తూరు మీదుగానే పోవాలి. మా ఇంట్లో మంచం వేసే ఉంటుంది, రెండు గంటలు పడుకుని పో. నేనేం మాట్లాడించను.

శనివారం పొద్దున పూతలపట్టు మీద వచ్చే బస్సుకు బయలుదేరి నేనే వస్తున్నాను. సోమవారం దాకా ఉంటాను. చెల్లెలికి నేను తినిపిస్తాను, నువ్వు పక్కన నిలబడి చెప్పొద్దు. బస్టాండుకు రావద్దు, ఆటోలో వస్తాను. ఆ గడియ తీయించావో లేదో వచ్చి చూస్తాను.

ఇట్లు,
మీ మామ