నెయ్యి మానేసినా కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: మేడం, మా అమ్మకి 58 ఏళ్ళు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారు కదా) 172 వచ్చిందని నాలుగు నెలల నుంచి నెయ్యి, పచ్చసొన అన్నీ మానేసింది, ముద్దపప్పులోకి చుక్క నెయ్యి కూడా వేసుకోదు. మొన్న మళ్ళీ టెస్ట్ చేయిస్తే 164. డాక్టర్ గారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ టాబ్లెట్ రాశారు కానీ కణాలకి కావాల్సిన కొవ్వు కూడా ఆగిపోతుందేమోనని భయపడి వేసుకోవట్లేదు. అసలు తినకుండానే ఎక్కడ్నుంచి వస్తోందండీ? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ అమ్మగారి భయం అర్థం చేసుకోదగ్గదే అండి, ఎందుకంటే కొలెస్ట్రాల్ లేకపోతే కణం బతకదు, ఆ మాట నిజమే. జనవరిలో పొద్దున్నే కొబ్బరి నూనె సీసా తీసి చూడండి, గడ్డకట్టి ఉంటుంది, పక్కనే సన్‌ఫ్లవర్ నూనె మాత్రం మామూలుగానే జారుతూ ఉంటుంది. కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే, అది కొబ్బరి నూనెలా బిగుసుకుపోకూడదు, మరీ పల్చబడి జారిపోనూ కూడదు, ఆ మధ్యస్థంలో నిలబెట్టేది కొలెస్ట్రాల్. పై పొరలో ఉన్న కొవ్వు అణువుల్లో దాదాపు మూడో వంతు అదే. అందుకే కణం తిండి మీద ఆధారపడి కూర్చోదు, సొంతంగా తయారు చేసుకుంటుంది. మన ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్ళు చేసుకున్నదే.

మరి ఎంత చేసుకోవాలో ఎలా తెలుస్తుంది? నాకు ఇక్కడే చాలా ఆశ్చర్యం వేస్తుంది. కణం రక్తంలో ఎంత ఉందో చూడదు, పై పొరలో ఎంత ఉందో కూడా నేరుగా చూడదు, లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అని ఒక పొరల గది ఉంటుంది కదా, వంట అంతా అక్కడే, ఆ గది పొరలో కొలెస్ట్రాల్ ఎంత ఉందో అదొక్కటే చూస్తుంది. అక్కడ కొవ్వు అణువుల్లో సుమారు 5 శాతం దాటితే ‘చాలు’ అని, తగ్గితే ‘కావాలి’ అని. ఎస్‌ఆర్‌ఈబీపీ అనే ప్రొటీన్ ఆ గోడకే కట్టేసి ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గగానే స్కాప్ అనే ఇంకో ప్రొటీన్ దాన్ని గాల్జీ అనే ఇంకో పొరల గదికి తీసుకెళ్తుంది, అక్కడ రెండు చోట్ల కోత పడుతుంది, విడిపోయిన ముక్క నేరుగా కేంద్రకంలోకి వెళ్ళి జీన్లని ఆన్ చేస్తుంది. అప్పుడు రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి, లోపల కొలెస్ట్రాల్ తయారీ పెరుగుతుంది, పై పొర మీద ఎల్‌డీఎల్‌ని, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకొచ్చే రేణువుల్ని, పట్టుకునే రిసెప్టర్లూ పెరుగుతాయి.

స్టాటిన్ ఆ తయారీలో ఉండే ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. దాంతో లివర్ కణంలోని ఆ గదిలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది, కణం వెంటనే రిసెప్టర్లు ఎక్కువగా పెట్టి రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని లోపలికి లాక్కుంటుంది. రిపోర్ట్‌లో నంబర్ తగ్గేది అందుకే అండి, కణం ఎండిపోయి కాదు, బయట ఉన్నదాన్ని తెచ్చుకుంటోంది కాబట్టి. అమ్మకి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పండి. టాబ్లెట్ వేసుకున్నాక కండరాల నొప్పులు వస్తే మాత్రం సొంతంగా మానేయకుండా డాక్టర్‌కి చెప్పమనండి. నెయ్యి తగ్గించడం వృథా ఏం కాదు, అలాంటి గట్టి కొవ్వులు ఎక్కువైతే లివర్ మీద రిసెప్టర్ల పని మందగిస్తుంది, కానీ చాలామందికి తిండి మార్పు ఒక్కటే సరిపోదు.

ఈ రిసెప్టర్‌ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది. వాళ్ళు మొదలుపెట్టింది చిన్నప్పుడే గుండెపోటు వచ్చే పిల్లల దగ్గర్నుంచి, ఆ పిల్లల్లో రిసెప్టర్ పని చేయదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ లోపం వచ్చినవాళ్ళు చాలా దేశాల్లో 250 నుంచి 300 మందికి ఒకరు ఉంటారు, వాళ్ళ పిల్లలకి సగానికి సగం వచ్చే అవకాశం ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, మీరు కూడా ఒకసారి టెస్ట్ చేయించుకోండి.

ప్రశ్న: మేడం, కొవ్వు నీళ్ళలో కరగదు, కణం లోపలంతా నీళ్ళే కదా, మరి ఒక చోట తయారైన కొవ్వు ఇంకో చోటికి ఎలా వెళ్తుంది? – బైపీసీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: బాబూ, మంచి ప్రశ్న అడిగావు. కొంత సరుకు చిన్న చిన్న బుడగల్లో వెళ్తుంది, అది పుస్తకంలో ఉంటుంది. కానీ చాలా కొవ్వు ఇంకో దారిలో వెళ్తుంది. రెండు పొరలు ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరికి వస్తాయి, మధ్యలో 10 నుంచి 30 నానోమీటర్ల సందు, ఆ సందులో ఓఎస్‌బీపీ లాంటి ప్రొటీన్ నిలబడి కొవ్వు అణువుని తన లోపలి గుంటలో పెట్టుకుని, నీళ్ళు తగలకుండా అవతలికి దాటిస్తుంది. ఇంటికి గ్యాస్ వచ్చినప్పుడు చూశావు కదా, నిండు సిలిండర్ దింపి ఖాళీది ఎత్తుకుపోతారు, అచ్చం అలాగే ఇది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ నుంచి కొలెస్ట్రాల్‌ని తెచ్చి గాల్జీ దగ్గర దింపి పీఐ4పీ అనే ఇంకో కొవ్వుని వెనక్కి తెస్తుంది, తెచ్చిన దాన్ని ఇవతల ఒక ఎంజైమ్ విరిచేస్తుంది. అక్కడ పీఐ4పీ తయారవుతూ ఇక్కడ విరుగుతూ ఉన్నంతసేపు కొలెస్ట్రాల్ తక్కువ ఉన్న చోటి నుంచి ఎక్కువ ఉన్న చోటికి కూడా ఎదురెక్కి వెళ్తుంది, దానికి ఖర్చయ్యేది కణం ఇంధనమైన ఏటీపీనే.

మీ ఉప్పల్ రోడ్డు మీదే ఉన్న, కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ గారి బృందం ఏళ్ళ తరబడి పొరల కొలెస్ట్రాల్ మీదే పని చేసింది, మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్‌ని పట్టుకునే రిసెప్టర్లలో ఒకటి సరిగ్గా పని చేయాలంటే పొరలో కొలెస్ట్రాల్ ఉండాలని చూపించింది. ఓపెన్ డే పెట్టినప్పుడు వెళ్ళి చూడు.

రవాణా ఆగితే ఏమవుతుందో నీమన్-పిక్ టైప్ సీ అనే జబ్బులో కనిపిస్తుంది. ఎల్‌డీఎల్‌తో పాటు లోపలికొచ్చిన కొలెస్ట్రాల్ లైసోజోమ్ (లోపలికొచ్చిన సరుకుని విడగొట్టే సంచి) దాటి బయటికి రాలేదు, ఎందుకంటే దాన్ని అందించే ఎన్‌పీసీ1 ప్రొటీన్ పాడైపోయి ఉంటుంది. కణం నిండా కొలెస్ట్రాల్ పేరుకుపోతూనే ఉంటుంది, కానీ పైన చెప్పిన ఆ గదికి చేరదు కాబట్టి కణానికి కరువు అనిపించి ఇంకా తయారు చేస్తూనే ఉంటుంది. ఎక్కువగా పిల్లలకే వస్తుంది, నడకా మాటా ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి.