పైలట్ స్కూల్‌కి డబ్బు కట్టేముందు

పోయిన సంక్రాంతికి చిత్తూరులో మా అక్క ఇంట్లో ఉండగా, తిరుపతి కొర్లగుంట నుంచి ఒక అబ్బాయి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో మూడు బ్రోషర్లు. ఫ్లోరిడా ఒకటి, టెక్సాస్ ఒకటి, మా అరిజోనాది ఒకటి. "అన్నా, వీటిలో ఏది మంచిదో చెప్పు. సోమవారం అడ్వాన్స్ కట్టాల" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు, కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. బంగారుపాళ్యం దగ్గరున్న మామిడి తోట మీద లోన్ తీస్తున్నారని మా అక్క తర్వాత చెప్పింది.

ఒక మాట ముందే చెప్పాలి. నేనేమీ కెప్టెన్‌ని కాదు. ఫీనిక్స్‌లో పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాల్లో నేర్చుకున్న ప్రైవేట్ పైలట్ లైసెన్స్. దాంతో డబ్బులు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. కానీ మా పెద్దక్క కొడుకు కమర్షియల్ లైసెన్స్ కోసం ఇక్కడికొచ్చి పడిన తిప్పలన్నీ దగ్గరుండి చూశాను.

బ్రోషర్లు పక్కన పెట్టి ఆ అబ్బాయిని ఒకటే అడిగాను, ఉద్యోగం ఎక్కడ చేస్తావని. "అమెరికాలోనే కదన్నా" అన్నాడు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అమెరికా లైసెన్స్ చేతికొస్తే అమెరికాలో ఉద్యోగం చేసుకునే హక్కు వచ్చినట్టు కాదు. ఫ్లైట్ స్కూళ్ళు ఎక్కువగా ఇప్పించేది ఎం-1 వీసా, అంటే వృత్తి కోర్సులవాళ్ళ స్టూడెంట్ వీసా. చదువుతున్నంతకాలం పని చేయకూడదు. అయిపోయాక నాలుగు నెలల చదువుకు ఒక నెల లెక్కన ట్రైనింగ్‌గా పని చేయనిస్తారు, అదీ ఆరు నెలలకు మించదు. పెద్ద ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే మామూలుగా 1500 గంటలు ఉండాలి. కమర్షియల్ లైసెన్స్ వచ్చేసరికి నీ దగ్గరుండేవి రెండొందలో, రెండొందల యాభయ్యో. మిగతావి ఎక్కడ ఎగురుతావు? ఎఫ్-1, అంటే మామూలు కాలేజీ చదువుల స్టూడెంట్ వీసా, ఇప్పించే స్కూళ్ళు, కాలేజీలు కొన్ని ఉన్నాయి. వాటిలో చదువు తర్వాత ఏడాది పాటు ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేసి గంటలు పెంచుకునే వీలుంటుంది. ఎం-1 మీద దిగాక ఇక్కడే ఉండి ఎఫ్-1కి మారదామంటే కుదరదు. కాబట్టి వీసా ఏదో బయల్దేరకముందే తేల్చుకోవాలి.

ఇండియాకి తిరిగి వెళ్ళేవాళ్ళకు లెక్క వేరు. అప్పుడు డీజీసీఏ, అంటే మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, ఏమడుగుతుందో చూసుకోవాలి. వాళ్ళకు మొత్తం 200 గంటలు కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత నీదే అయి), రాత్రిపూట 5 గంటలు, 300 నాటికల్ మైళ్ళ క్రాస్ కంట్రీ ఒకటి ఉండాలి. ఇక్కడ అమెరికా రూల్స్‌లో పార్ట్ 141 కింద, అంటే ప్రభుత్వం ఒప్పుకున్న సిలబస్‌తో నడిచే స్కూల్‌లో 190 గంటలకే కమర్షియల్ పూర్తి చేయొచ్చు. ఆ కట్టుబాటు లేని పార్ట్ 61లో అయితే 250. ఆ 190 చూసి, తక్కువలో అయిపోతుందని మురిసిపోయి వెళ్తే, తిరిగొచ్చాక ఆ పది గంటలు మళ్ళీ ఎక్కడో డబ్బు పోసి ఎగరాలి. అమెరికా లైసెన్స్‌ని ఇండియా లైసెన్స్‌గా మార్చుకోవడానికి రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ పరీక్షలు రాయక తప్పదు. ఇంట్లో అమ్మ వండిపెట్టేటప్పుడే అవి రాసేసి రమ్మంటాను నేను. ఇంటర్ ఎంపీసీ వాళ్ళకు అర్హత గొడవ లేదు. బైపీసీ వాళ్ళు మాత్రం ఓపెన్ స్కూల్లో మ్యాథ్స్ కట్టి పాసవ్వాలి.

ఇక మెడికల్. ఆ అబ్బాయికి కళ్ళద్దాలున్నాయి. "అద్దాలుంటే పర్వాలేదంటన్నా, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పినారు" అన్నాడు. అద్దాలకు పర్వాలేదు గానీ, రంగులు సరిగా కనబడతాయో లేదో కన్సల్టెన్సీ వాళ్ళకు ఎలా తెలుస్తుంది? చెన్నైలోనో బెంగళూరులోనో డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత కమర్షియల్ పైలట్‌కి కావాల్సిన క్లాస్ 1 చేయించుకోవాలి. క్లాస్ 1 చేతికి రాకుండా ఏ స్కూల్‌కీ రూపాయి కట్టొద్దని గట్టిగానే చెప్పాను. నాన్న మొదటిసారి తలెత్తి చూశాడు.

ఇప్పుడు స్కూల్ సంగతి. మా మేనల్లుడు చేరిన స్కూల్ బ్రోషర్లో పద్నాలుగు విమానాలు ఉన్నాయి. ఫొటో కూడా నిజమే, అన్నీ వరసగా పెట్టి తీసిందే. ఓ రోజు పొద్దున వాడిని దింపడానికి లోపలికి వెళ్ళాను. డెస్క్ వెనకాల తెల్లబోర్డు మీద విమానాల నంబర్లు, పక్కన ఎర్ర మార్కర్‌తో గీతలు. గీత ఉంటే ఆ రోజు అది ఎగరదు. ఒకదానికి 100 గంటల ఇన్‌స్పెక్షన్, ఒకదానికి టైరు, ఇంకోదానికి సామాను రావాలి. లెక్కపెట్టాను, గీత లేనివి ఐదు. సోఫాల్లో హెడ్‌సెట్లు ఒళ్ళో పెట్టుకుని పదకొండు మంది పిల్లలు. పది నెలలన్న కోర్సు పదిహేడు నెలలు పట్టింది. ఎం-1 మీద ఒకసారికి ఏడాదికి మించి ఉండనివ్వరు కాబట్టి పొడిగింపుకు మళ్ళీ అప్లై చేశాం. అంతకాలం అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ మా బావగారి జేబులోంచే.

అందుకే స్కూల్‌ని అడగాల్సింది ఈ వారం ఎన్ని విమానాలు ఎగిరాయి, ఎంతమంది స్టూడెంట్లున్నారు, మెకానిక్ స్కూల్‌లోనే ఉంటాడా బయటినుంచి వస్తాడా అని. ఇన్‌స్ట్రక్టర్ల గురించి కూడా అడగాలి. చాలామంది 1500 గంటలు నిండగానే ఎయిర్‌లైన్‌కి వెళ్ళిపోతారు. మావాడికి ముగ్గురు మారారు. కొత్తాయన వచ్చిన ప్రతిసారీ నేర్చుకున్నదే మళ్ళీ చూపించు అంటాడు, మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చెక్‌రైడ్‌కి, అంటే లైసెన్స్ కోసం విమానంలో పెట్టే పరీక్షకి, ఎగ్జామినర్ దొరకడం మరో గండం. స్కూల్‌లో సొంత ఎగ్జామినర్ లేకపోతే వారాల తరబడి ఎదురుచూపులే. ఆ ఫీజు కూడా వేరే.

మీటర్ అంటే హాబ్స్ మీటర్. మామూలుగా ఇంజిన్ నడిచినంతసేపూ అది తిరుగుతుంది, నేల మీద ఉన్నా సరే. మా డీర్ వ్యాలీ ఎయిర్‌పోర్ట్ చిన్న విమానాలతో దేశంలోనే బాగా రద్దీగా ఉండేవాటిలో ఒకటి. రన్‌వే దగ్గర మీ ముందు ఆరు విమానాలుంటే ఆ ఇరవై నిమిషాల బిల్లూ మీదే. గంట రేటు పది డాలర్లు తక్కువని సంబరపడే ముందు ఇది గుర్తుంచుకోండి. అరిజోనాలో మబ్బుల బెడద తక్కువ. కానీ ఎండాకాలం తెల్లవారుజామున ఎగరకపోతే మధ్యాహ్నం వేడికి విమానం పైకి ఎక్కనంటుంది. రేణిగుంట ఎండలు చూసినవాళ్ళకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులకే పోతాయి.

డబ్బంతా ఒకేసారి కట్టమనే స్కూల్ ఎంత పెద్దదైనా నేను నమ్మను. ఫ్లైట్ స్కూళ్ళు రాత్రికి రాత్రి తాళం వేసిన సందర్భాలున్నాయి. ప్రైవేట్, ఇన్‌స్ట్రుమెంట్, కమర్షియల్ అంటూ దశలవారీగా కట్టనిస్తారా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఇప్పటికే ఇక్కడున్నవాళ్ళకు ఇదంతా కాస్త తేలిక. ఎం-1 అక్కర్లేదు, దగ్గర్లోని చిన్న పార్ట్ 61 స్కూల్లో ఏ గంటకాగంట కట్టుకుంటూ నేర్చుకోవచ్చు. కానీ పౌరులు కానివాళ్ళందరికీ, గ్రీన్ కార్డు ఉన్నా సరే, మొదలుపెట్టే ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తప్పనిసరి. వేలిముద్రలు కూడా ఇవ్వాలి.

ఆ అబ్బాయి సోమవారం అడ్వాన్స్ కట్టలేదు. మూడు స్కూళ్ళకూ నేను చెప్పిన ప్రశ్నలే మెయిల్ చేశాడు. ఒకరు అన్నిటికీ జవాబిచ్చారు. ఒకరు ఇంతవరకూ పలకలేదు. మూడోవాళ్ళు ప్రశ్నలన్నీ వదిలేసి, శుక్రవారంలోపు కడితే రెండు వేల డాలర్లు తగ్గిస్తామని ఫోన్ చేశారట. ఆ బ్రోషర్ని వాళ్ళ నాన్నే చించేశాడని మా అక్క చెప్పింది. క్లాస్ 2 మెడికల్‌కి వచ్చే బుధవారం చెన్నైలో అపాయింట్‌మెంట్ దొరికింది. పొద్దున రైలుకి వెళ్తున్నారు.