న్యూయార్క్‌లో హార్డ్‌వుడ్ ఫ్లోర్ ఉన్న ఫ్లాట్: 80 శాతం కార్పెట్ షరతు, తడి, డిపాజిట్

మీరు అడిగినవి రెండు. లీజులో "నేలలో 80 శాతం కార్పెట్‌తో కప్పాలి" అని ఉంది, దాన్ని పట్టించుకోవాలా? ఖాళీ చేసేటప్పుడు ఫ్లోర్ పేరు చెప్పి డిపాజిట్‌లో కోయకుండా ఏం చేయాలి?

తప్పకుండా పట్టించుకోండి. ఇది సిటీ చట్టం కాదు, లీజులో పెట్టే షరతు. చాలామంది ఓనర్లు వచ్చి కొలవరు గానీ, కింది ఇంటివాళ్లు చప్పుడు అని ఫిర్యాదు చేస్తే ముందు చూపించేది ఆ పేజీనే. పాత వాక్-అప్ (లిఫ్ట్ లేని) బిల్డింగుల్లో చాలావాటికి ఫ్లోర్ కింద ఉండేది చెక్క దూలాలు, మన ఊళ్లలోలా కాంక్రీట్ స్లాబ్ కాదు. మడమ చప్పుడు నేరుగా కిందికి దిగుతుంది. వంటిల్లు, బాత్రూమ్, క్లోజెట్లు మామూలుగా ఈ లెక్కలోకి రావు. అయినా మీ లీజులో ఏం రాశారో చూసుకోండి. 12 బై 13 అడుగుల గది అంటే 156 చదరపు అడుగులు, అందులో 80 శాతం సుమారు 125. 9 బై 12 రగ్గు ఒకటి (108), రెండున్నర బై 8 రన్నర్, అంటే సన్నని పొడవాటి రగ్గు, ఒకటి (20) వేస్తే సరిపోతుంది. రోడ్డు మీద వదిలేసిన రగ్గు మాత్రం ఎంత బాగున్నా ఇంట్లోకి తేవద్దు, నల్లులు వస్తాయి.

రగ్గు కన్నా దాని కింద వేసే ప్యాడ్ ముఖ్యం. చవకగా దొరికే పీవీసీ ప్యాడ్లలో ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం) ఉంటుంది. అది నెలల తరబడి ఫ్లోర్ మీది పాలీయురెథేన్ పూతలోకి దిగి, గళ్లు గళ్లుగా పసుపు మరక వేస్తుంది. ఎంత తుడిచినా పోదు. ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి బట్ట), సహజ రబ్బరు కలిపిన ప్యాడ్ కొనండి. పావు అంగుళం నుంచి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల దాకా మందం చాలు. రగ్గు అంచుల కన్నా అన్ని వైపులా ఒక అంగుళం లోపలికి ఉండేలా కత్తిరించండి.

ఇక తడి. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ మీద బకెట్ నీళ్లు పెట్టి తుడిచినట్టు ఇక్కడ తుడవకూడదు. చెక్కల మధ్య సందుల్లోకి నీళ్లు దిగితే పలక అడుగు ఉబ్బి అంచులు పైకి లేస్తాయి. స్టీమ్ మాప్ కూడా అంతే. వెనిగర్, ఫినాయిల్ వద్దు, పూత మెరుపు పోతుంది. ముందు పొడిగా ఊడ్చండి, ఎందుకంటే గీతలు పడేది ఇసుక రేణువుల వల్లే. తర్వాత బోనా లాంటి చెక్క ఫ్లోర్ క్లీనర్ కొద్దిగా స్ప్రే చేసి మైక్రోఫైబర్ మాప్‌తో తుడవండి. ఒకటి రెండు నిమిషాల్లో ఆరకపోతే తడి ఎక్కువైనట్టే.

తులసి కుండీ నేల మీద నేరుగా పెట్టకండి. మట్టి సాసర్‌లో కూడా చెమ్మ ఊరుతుంది. ఓక్ చెక్కలో టానిన్ అనే సహజ పదార్థం ఉంటుంది, దానికి తడీ ఇనుమూ తోడైతే నల్లటి వలయం ఏర్పడుతుంది. ఆ నలుపు పూత మీద కాదు, చెక్క లోపల ఉంటుంది. గీకి మళ్లీ పూత వేస్తే తప్ప పోదు, ఆ ఖర్చు మీ మీదే పడుతుంది. ప్లాస్టిక్ సాసర్ వేసి, నేలకు తగలకుండా స్టాండ్ మీద పెట్టండి. దీపం కుందె కింద పళ్లెం ఉంచండి. పోపు చిటపటలాడేచోట, స్టవ్ ముందు, ఉతకడానికి వీలైన మ్యాట్ వేయండి. సోఫా, మంచం కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించి, కొన్ని నెలలకోసారి తిప్పి చూడండి. ఇసుక గుచ్చుకుని ఉంటే అవే గీతలు పెడతాయి. ఆఫీస్ కుర్చీకి గట్టి ప్లాస్టిక్ చక్రాలు తీసి మెత్తటివి పెట్టండి.

చలికాలంలో గదిని ఆవిరితో వేడిచేసే స్టీమ్ రేడియేటర్ వల్ల గాలి ఎండిపోయి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. కంగారుపడి పుట్టీ పెట్టకండి, వేసవిలో అవే మూసుకుంటాయి. హ్యూమిడిఫైయర్‌తో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు.

సామాను దించకముందే గదిగదికీ వీడియో తీయండి. అరిగినట్టు కనిపించిన చోట నాలుగు నీటి చుక్కలు వేసి కొన్ని నిమిషాలు చూడండి. చుక్కలు నిలిస్తే పూత బాగుంది. ఇంకి చెక్క నల్లబడితే పూత పోయినట్టే. వెంటనే తుడిచి, ఫోటోతో ఓనరుకు ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

న్యూయార్క్‌లో 2019 చట్టం ప్రకారం డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. ఖాళీ చేశాక 14 రోజుల్లో, కోతలుంటే వివరాలతో సహా, తిరిగివ్వాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు. ఎండకు రంగు వెలవడం, నడిచే దారిలో సన్నటి గీతలు అందులోకే వస్తాయి. లోతైన గాడి, నల్ల మరక రావు. ఖాళీ చేసే ముందు తనిఖీ అడిగే హక్కు మీకుంది. అది అద్దె గడువు ముగిసే రోజుకు రెండు వారాల నుంచి ఒక వారం ముందు మధ్యలో జరగాలి. అప్పుడు ఓనరు లోపాల జాబితా రాసివ్వాలి, వాటిని మీరే సరిచేయించుకోవచ్చు. ఆ రోజు రగ్గులన్నీ చుట్టేసి ఉంచండి, పక్కన ఉండి మీరూ చూడండి.